రొట్టె మీద మబ్బు, రొట్టె మీద మొహం

మా నాన్న రైసు మిల్లులో గుమాస్తాగా చేసేవారు. మిల్లు వెనక గోదాములో, తలుపు పక్కన కొట్టిన మేకుకి రేకు అచ్చులు వేలాడుతుండేవి. ఒకదానిలో మిల్లు పేరు, ఒకదానిలో బియ్యం రకం, ఇంకోదానిలో తూకం అంకెలు. మూతి కుట్టిన బస్తా మీద రేకు ఆనించి, నీలిరంగులో ముంచిన గుడ్డతో అద్దితే అక్షరాలు పడేవి. సెలవుల్లో నాన్న వెంట వెళ్లినప్పుడల్లా నేను ఆ రేకుల దగ్గరే తచ్చాడేవాణ్ణి. అన్నిటికన్నా నన్ను పట్టి నిలిపింది సున్న. బస్తా మీద అదెప్పుడూ నిండు సున్నగా పడేది కాదు, ఎదురెదురుగా కూర్చున్న రెండు చంద్రవంకల్లా పడేది. ఎందుకని అడిగితే నాన్న రేకును వెలుతురుకు ఎత్తి చూపించారు. సున్న నడిమి బిళ్ల నిలబడాలంటే పైన ఒకటి, కింద ఒకటి సన్నటి పట్టీలు వదలాలి. అవి కూడా కోసేస్తే బిళ్ల ఊడి పడిపోతుంది, బస్తా మీద సున్నకు బదులు నీలం ముద్ద మిగులుతుంది.

ఎనిమిదేళ్ల వయసులో తెలిసిన ఆ సంగతి, బ్రెడ్డు ముక్కల మీద బొమ్మలు కాల్చే రెండు టోస్టర్లను పక్కపక్కన పెట్టి చూస్తున్నప్పుడు మళ్లీ పనికొచ్చింది. మొదటిది 2001లో ఇంగ్లండులో రాబిన్ సౌత్‌గేట్ అనే డిజైన్ విద్యార్థి చేసినది. అది ఆ రోజు వాతావరణ సూచనను రొట్టె మీద కాలుస్తుంది. రెండోది అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో గేలెన్ డైవ్లీ అనే ఆయన నడిపిన చిన్న సంస్థ 2014లో అమ్మకానికి పెట్టినది. అది కొన్నవాళ్ల మొహాన్నే కాలుస్తుంది. రెండూ మామూలు టోస్టర్‌లో చిన్న మార్పు చేస్తే పుట్టినవే. రెండింటి కిటుకూ ఒక్కటే, వేడికీ రొట్టెకీ మధ్య అడ్డు పెట్టడం. అయినా ఆ రెండు రొట్టెలూ పళ్లెంలోకి వచ్చాక చేసే పనులు వేరు. ఆ తేడా నాకు చిన్నదిగా కనిపించలేదు.

టోస్టర్‌కీ అలంకారానికీ పరిచయం పాతదే. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల డి-12 టోస్టర్ 1909లో వచ్చింది. పింగాణీ పీట, దాని మీద నిలబెట్టిన తీగల చట్రం, అంతే. ఒకసారికి ఒక పక్కే కాలేది, రెండో పక్కకు చేత్తో తిప్పుకోవాలి. ఆ పింగాణీ పీట మీద పువ్వులు వేసిన రకం కూడా అమ్మేవారు. పువ్వు అప్పుడు యంత్రం మీద ఉండేది. రొట్టె మాడకుండా కాపలా కాయడంతోనే సరిపోయే ఇల్లాలికి రొట్టె మీద పువ్వు పూయించే తీరిక ఎక్కడిది?

ఆ కాపలా తప్పించినవాడు చార్లెస్ స్ట్రైట్. మిన్నెసోటాలో ఒక కర్మాగారంలో పనిచేసేవాడు. క్యాంటీనులో పెట్టే మాడు టోస్టులతో విసిగిపోయి, సమయం కాగానే కరెంటు దానంతట అదే ఆగి రొట్టె పైకి లేచే టోస్టర్ తయారుచేశాడు. 1921లో పేటెంటు వచ్చింది. అక్కడి నుంచి టోస్టర్ కథంతా మాడు మీద పోరాటమే. ప్రతి ముక్కా ఒకేలా, దోరగా, ఎవరూ దగ్గర నిలబడకుండా కాలాలి. టోస్టు మీద బొమ్మ వేయాలనుకున్నవాడు ఈ కథకు ఎదురు నడవాలి. అంతా ఒకేలా కాలడానికి పుట్టిన యంత్రాన్ని ఒక్కోచోట ఒక్కోలా కాలమని ఒప్పించాలి.

ఒప్పించడం ఎంత కష్టమో టోస్టర్ లోపలికి చూస్తే తెలుస్తుంది. అభ్రకం రేకుల మీద చుట్టిన నైక్రోమ్ తీగ కరెంటు పారగానే నారింజ రంగుకు తిరుగుతుంది. ఆ వెలుగుతో పాటు కంటికి ఆనని పరారుణ కిరణాలు రొట్టె మీద పడతాయి. మొదట పైపొరలోని తడి ఆవిరైపోవాలి. తడి ఉన్నంతసేపూ ఆ పొర నూరు డిగ్రీలు దాటి పోలేదు. ఆరాక వేడి జోరందుకుని 140 డిగ్రీల దరిదాపులకు చేరితే, పిండిలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి రంగునూ కమ్మటి వాసననూ పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించిన చర్య ఇది. మన అట్టు అంచుకీ, రస్కుకీ, వేగిన పల్లీకీ ఆ వాసన ఇచ్చేది కూడా ఇదే. ఇందులో ఒక మెలిక ఉంది. తెల్లటి రొట్టె తన మీద పడిన వేడిలో కొంత వెనక్కి తిప్పికొడుతుంది. ఎర్రబడిన రొట్టె అదే వేడిని ఎక్కువగా తాగేస్తుంది. అందుకే చాలాసేపు ఏమీ జరగనట్టే ఉండి, చివర్లో కళ్లముందే దోర కాస్తా మాడైపోతుంది. బొమ్మకు దొరికే చోటు ఆ దోరకూ మాడుకూ మధ్యనున్న కొద్దిపాటి సమయమే.

సౌత్‌గేట్ అప్పుడు లండన్ పడమటి వైపున్న బ్రూనెల్ యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ డిజైన్ చదువుతున్నాడు. చదువులో భాగంగా చేసిన టోస్టర్ ఇది. ఇంటర్నెట్ నుంచి ఆ రోజు వాతావరణ సూచన తీసుకుంటుంది. ఎండ, మబ్బు, వాన, మూడే గుర్తులు. సూచనకు తగిన గుర్తు వేడికి అడ్డంగా వచ్చి నిలుస్తుంది. ముక్క పైకి లేచేసరికి దాని మీద సూర్యుడో మబ్బో చినుకులో ఉంటాయి. 2001 అంటే ఇంటర్నెట్ చాలా ఇళ్లకు ఇంకా టెలిఫోన్ తీగ గుండా గరగరమంటూ వస్తున్న రోజులు. జేబులోంచి ఫోన్ తీసి ఎండో వానో చూసుకునే అలవాటు లేదు. పొద్దున్నే తెలియాలంటే రేడియో పెట్టాలి, పేపరు తిరగేయాలి, లేదా గుమ్మంలోకి వెళ్లి ఆకాశం చూడాలి. ఆ కబురు, ఉదయాన చేతిలోకి వచ్చే మొదటి ముద్ద మీదే ఉండాలనుకోవడం నాకు ఇప్పటికీ గొప్ప ఆలోచనగా తోస్తుంది.

మూడు గుర్తులతో ఆగడంలో ఉన్న తెలివి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎన్ని డిగ్రీలో, గాలి ఎటు వీస్తుందో కూడా చెప్పాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. రొట్టె అంత మోయలేదు. టోస్టర్ తీగలు ఒకచోట నుంచి కాక, పై నుంచి కింద దాకా పరుచుకుని వెలుగుతాయి. ఒక్కో తీగ నుంచి ఒక్కో నీడ పడుతుంది. అడ్డు పెట్టిన రేకు రొట్టెకు ఏ కొంచెం దూరంగా ఉన్నా ఆ నీడలన్నీ కలిసి అంచు చెదిరిపోతుంది. నున్నటి గోడ మీద ట్యూబ్‌లైటు వెలుతురులో చేతి నీడ చూడండి, అలాంటి నీడే ఇదీ. సౌత్‌గేట్ ఎంచుకున్న బొమ్మలు ఈ లోపాన్ని భరించగలిగినవి. చుట్టూ కాస్త చెదిరినా సూర్యుడు సూర్యుడే. మబ్బుకైతే అసలు గట్టి అంచంటూ లేదు. అంచు గీయడం రాని యంత్రానికి అంచు లేని వస్తువును గీసే పని అప్పజెప్పాడాయన. పని చేయబోయే వస్తువు స్వభావం తెలిసినవాడి ఎంపిక అది.

వెర్మాంట్ సంస్థ దారి వేరు. దాని వెనక పెద్ద కథే ఉంది. ఫ్లోరిడాలో ఒకావిడ పెనం మీద చీజ్ శాండ్‌విచ్ కాల్చుకుని, ఒక్క కొరుకు కొరికి చూస్తే, రొట్టె మీద మేరీమాత మొహం కనిపించింది. తినకుండా పదేళ్లు దాచుకుంది. 2004లో ఈబేలో వేలానికి పెడితే ఒక ఆన్‌లైన్ జూదశాల 28,000 డాలర్లకు కొనుక్కుంది. ఎవరూ వేయని బొమ్మకు పలికిన ధర అది. మనిషి కన్ను ఎక్కడపడితే అక్కడ మొహం వెతుక్కుంటుంది. టొరంటో యూనివర్సిటీలోని కాంగ్ లీ, చైనాలోని ఆయన తోటి పరిశోధకులు కలిసి దీన్ని పరీక్షించారు. అర్థంపర్థం లేని చుక్కల ముద్దలు చూపించి వీటిలో కొన్నింటిలో మొహాలున్నాయని చెబితే, చూసినవాళ్లు సుమారు మూడోవంతు సార్లు మొహం కనిపించిందన్నారు. ఆ పరిశోధనకు 2014లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. వెర్మాంట్ సంస్థ కూడా మొదట ఏసుక్రీస్తు మొహాన్ని కాల్చే టోస్టర్‌తోనే పేరు తెచ్చుకుంది. రొట్టె మీద దేవుడు అనుకోకుండా కనిపించాడని జనం చెప్పుకునే చోట, రోజూ కనిపించేట్టు చేసి అమ్మింది. ఆ తరవాతి మెట్టు ఈ సెల్ఫీ టోస్టర్. మొహం స్పష్టంగా కనిపించే ఫొటో పంపితే దాన్ని గీతలుగా మార్చి, కంప్యూటర్ నడిపే యంత్రంతో లోహపు పలక కోసి, టోస్టర్‌లో అమర్చి ఇచ్చేవారు. వెల 75 డాలర్లు.

చదివి తీర్పు చెప్పేయడం నాకు నచ్చలేదు. చేసి చూశాను. మా ఇంట్లో పాత ఓటీజీ, అంటే ఓవెన్ టోస్టర్ గ్రిల్, ఉంది, అందులో చేశాను. పైకి లేచే టోస్టర్‌లో మాత్రం ఎవరూ రేకు ముక్కలు పెట్టకండి. అందులో తీగలు బోసిగా ఉంటాయి, వాటిలో పారేది 230 వోల్టుల కరెంటు. ఓటీజీలో రొట్టె జాలీ మీద పడుకుని ఉంటుంది, పైన కడ్డీలు దూరంగా ఉంటాయి కాబట్టి ఫాయిల్ పేపరుతో మబ్బు కత్తిరించి రొట్టె మీద పరిచి పెట్టవచ్చు.

మొదటి ముక్క చెడింది. మొదటి నుంచీ ఫాయిల్ కప్పి ఉంచడంతో దాని కింద ఆవిరి పోయే దారి లేక, మబ్బు ఉన్న మేర రొట్టె మెత్తగా, జిగురుగా, పచ్చి వాసనతో మిగిలింది. చుట్టూ కరకర, నడుమ తడి పిండి. బొమ్మ కనిపించింది గాని నోట్లో పెట్టుకోలేకపోయాను. రెండో ముక్కకు వరస మార్చాను. రెండు నిమిషాలు ఏ అడ్డూ లేకుండా కాలనిచ్చి, లేత గోధుమ రంగు రాగానే తీసి, అప్పుడు మబ్బు పరిచి మళ్లీ పెట్టాను. ఈసారి మబ్బు లేత బంగారు రంగులో, చుట్టూ ఆకాశం ముదురు ఎరుపులో వచ్చింది. రెండుచోట్లా కరకరలాడింది. మూడో ముక్కకు ఫాయిల్‌ను రొట్టెకు ఆనించకుండా, చిన్న తీగ ముక్కలు గుచ్చి అర అంగుళం ఎత్తులో నిలబెట్టాను. మబ్బు చుట్టూ మంచు కమ్మినట్టు అంచంతా కరిగిపోయింది. అందంగానే ఉంది. కానీ అక్షరమైతే చదవలేం.

అక్షరం సంగతి మా అమ్మాయి రంజని తెచ్చింది. తన పేరు వేయమంది. రకారం ఒక గుండ్రం, పక్కన సున్న ఇంకో గుండ్రం. రెండూ చుట్టూ మూసుకున్న ఆకారాలు. ఫాయిల్‌లో కోయగానే రెండు బిళ్లలూ ఊడి చేతిలోకి వచ్చాయి. మిల్లు గోదాములో నాన్న ఎత్తి చూపిన రేకు అప్పుడు గుర్తొచ్చింది. అయితే ఇక్కడ పట్టీలు వదలాల్సిన పని లేదని వెంటనే తట్టింది. ఓటీజీలో రొట్టె పడుకుని ఉంది, ఊడిన బిళ్లను దాని చోట దాన్ని మళ్లీ పెడితే అక్కడే ఉంటుంది. అలాగే పెట్టాను. నిండు సున్న పడింది, బస్తా మీద ఎన్నడూ పడని నిండు సున్న.

వెర్మాంట్ వాళ్ల పనిలోని అసలు కష్టం నాకు అర్థమైంది ఇక్కడే. పైకి లేచే టోస్టర్‌లో రొట్టె నిలబడి ఉంటుంది, పలక కూడా నిలబడే ఉండాలి. విడి బిళ్ల ఏదీ గాలిలో నిలవదు. మొహంలో ఎన్ని విడి బిళ్లలుంటాయో ఆలోచించండి. కనుగుడ్డు చుట్టూ తెలుపు, పెదాల మధ్య పళ్లు, కళ్లజోడు ఉంటే రెండు అద్దాలు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట పలకకు అంటుకుని ఉండాలి. ఆ పట్టీ ఎక్కడ వదిలితే ముడతలా కనిపించదు, ఏ వెంట్రుక పాయను వంతెనగా వాడుకోవచ్చు, ముక్కు నీడను చెంప నీడతో ఎక్కడ కలపాలి అన్నది యంత్రం చెప్పదు. బొమ్మను గీతలుగా మార్చేవాడి కన్ను చెప్పాలి. ఈ ఒక్క విషయంలో వెర్మాంట్ పలక సౌత్‌గేట్ మూడు గుర్తులకన్నా ఎన్నో రెట్లు కష్టమైన పని. దాన్ని సావనీరు దుకాణం సరుకని తీసిపారేసే విమర్శ పలక వైపు తిరిగి చూడని విమర్శ.

కానీ అంత కష్టపడి తెచ్చిన మొహాన్ని రొట్టె నిలబెట్టుకోలేదు. మా ఆవిడ ఫొటో ఒకటి తీసుకుని, నలుపు తెలుపుల్లోకి మార్చి ప్రింటు తీసి, దాని ప్రకారం ఫాయిల్ కోశాను. రెండు సాయంత్రాలు పట్టింది. కాల్చాక రొట్టె మీద ఒక స్త్రీ మొహం వచ్చింది. నుదురు, బొట్టు, జడ మడత అన్నీ ఉన్నాయి. అది మా ఆవిడే అని చెప్పడానికి ఆధారం లేదు. ఒక మనిషిని ఆ మనిషిగా గుర్తుపట్టించేది పెదవి మూల దగ్గర నూలుపోగంత వంపు. బేకరీ రొట్టెలో గుల్లలు దానికన్నా పెద్దవి. గుల్ల పడినచోట వేడి లోపలికి దిగి వేరేగా కాలుతుంది. పోలిక అంతా ఉండేది ఆ కొలతలోనే, రొట్టె చేతకానిదీ ఆ కొలతలోనే. సౌత్‌గేట్ తన వస్తువు ఏమి చేయగలదో చూసుకుని బొమ్మను ఎంచుకున్నాడు. వెర్మాంట్ సంస్థ కొనేవాళ్లకు ఏమి కావాలో చూసుకుని బొమ్మను ఎంచుకుంది. రెండో దారిలో మంచి పనితనం ఉండవచ్చు, ఉంది కూడా, కానీ ప్రతి ఉదయం వస్తువుతో పెనుగులాట తప్పదు.

మొహాన్ని తినడం అనే సంగతి కూడా ఒకటుంది. ఈ మధ్య మన ఊళ్లలో చాలా బేకరీల్లో ఫొటో కేకులు చేస్తున్నారు. పుట్టినరోజు పిల్లాడి ఫొటో కేకు మీద ఉంటుంది. కత్తి పట్టుకున్నవాళ్లు ఎప్పుడూ అంచు నుంచే కోస్తారు, మొహం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. ఆ ముక్క చివరిదాకా పళ్లెంలో ఉండిపోవడం ఎన్ని ఇళ్లలో చూశానో. తినేదాని మీద మనిషిని పెడితే తినడానికి చెయ్యి వెనకాడుతుంది. మా ఆవిడ బొమ్మ ఉన్న ముక్క ఆ రోజు మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. మబ్బు ముక్కను మాత్రం మా అమ్మాయి ముందు చుట్టూ ఉన్న ఆకాశమంతా కొరుక్కుని, మబ్బును చివరికి అట్టేపెట్టుకుని, ఒక్క ముద్దగా తినేసింది. తింటే బొమ్మ పోయిందన్న బెంగ లేదు. రేపు ఇంకోటి వస్తుంది.

రేపు ఇంకోటి రావడంలోనే నాకు ప్రధానమైన తేడా కనిపిస్తోంది. వెర్మాంట్ పలక కోసిన రోజునే మాట ముగిసిపోయింది. ఆ తరవాత వెయ్యి ముక్కలు కాల్చినా అదే మొహం, అదే నవ్వు. మొదటి ఉదయం ఇంటిల్లిపాదికీ సంబరం, చుట్టాలొచ్చిన రోజు ఇంకోసారి సంబరం. సోమవారం టోస్టుకూ మంగళవారం టోస్టుకూ తేడా ఉండదు. ఫ్లోరిడా ఆవిడ శాండ్‌విచ్‌లో జనాన్ని కట్టిపడేసింది ఎవరూ తలపెట్టకుండా రావడమే. అది మళ్లీ రాదు. అదే బొమ్మను మీట నొక్కినప్పుడల్లా వచ్చేట్టు చేసేసరికి ఆ అబ్బురం పోయింది, ఆకారం మిగిలింది. సౌత్‌గేట్ టోస్టర్‌లో ఆకారాలు మూడే అయినా, వాటిలో ఏది వస్తుందో తయారుచేసినవాడి చేతిలో లేదు, కొన్నవాడి చేతిలో లేదు, ఆకాశం చేతిలో ఉంది. రొట్టె పైకి లేచేదాకా ఎదురుచూడాల్సిందే. అనుకోకుండా రావడం అనే గుణాన్ని ఆయన యంత్రం కాపాడుకుంది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సౌత్‌గేట్ టోస్టర్ నమూనా దగ్గరే ఆగింది. వెర్మాంట్ టోస్టర్ డబ్బు పెట్టి కొన్న ఇళ్ల వంటగదుల్లోకి చేరింది, రోజూ కాలింది. వంటింటి వస్తువు విలువ వంటింట్లోనే తేలాలి అంటే గెలుపు దానిదే. పైగా వాతావరణ సూచన ఇప్పుడు ప్రతి ఫోన్‌లో గంటగంటకూ దొరుకుతోంది, రొట్టె చెప్పక్కర్లేదు. ఇవన్నీ నిజమే. కానీ ఫోన్‌లో చూసిన మబ్బుకూ పళ్లెంలోని మబ్బుకూ తేడా ఉంది. ఫోన్ మనం అడిగితే చెబుతుంది. రొట్టె అడగకుండానే, ఆకలి వేళకు, అందరి ముందూ చెబుతుంది. ఇంట్లో నలుగురూ ఒకే మబ్బును చూసి ఒకే మాట మాట్లాడుకుంటారు. ఆ ప్రయోజనం ఇంకా ఎక్కడికీ పోలేదని నా నమ్మకం.

ఈ రెండింటి పక్కన ఇంకో ఇద్దరి పేర్లు తలవకుండా ఉండలేను. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో మారిస్ బెన్నెట్ అనే చిత్రకారుడు వేల టోస్టు ముక్కలను లేత నుంచి నలుపు దాకా రకరకాల ఛాయల్లో కాల్చి, పక్కపక్కన పేర్చి పెద్ద పెద్ద మొహాలు చేశాడు. వెర్మాంట్ వాళ్లకు కుదరని పోలిక ఆయనకు కుదిరింది, ఎందుకంటే ఆయన ఒక ముక్కను ఒక చుక్కగా వాడుకున్నాడు, దాని మీద మొహం మోపలేదు. అయితే ఆ రొట్టెలు తినడానికి కావు, గోడకు. రెండో ఆయన థామస్ థ్వేట్స్. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుతూ, 2009లో, దుకాణంలో 3.94 పౌండ్లకు దొరికే టోస్టర్‌ను గనుల్లోని ముడి ఖనిజం నుంచి తానే తయారుచేయబోయాడు. ఇనుము కరిగించడానికి చివరికి మైక్రోవేవ్ ఓవెన్‌ను వాడుకున్నాడు. తొమ్మిది నెలలు, దాదాపు 1,187 పౌండ్లు ఖర్చు. మీట వేస్తే కొద్ది క్షణాలు వెలిగి, తీగ కరిగిపోయింది. బొమ్మ సంగతి దేవుడెరుగు, రొట్టె కూడా కాలలేదు. కానీ సౌత్‌గేట్, డైవ్లీ చేతులు పెట్టి మార్చిన ఆ చవక పెట్టె వెనక ఎంత పని దాగి ఉందో ఆయన ప్రాజెక్టు చదివాకే నాకు తెలిసింది.

తిరిగి మిల్లు గోదాముకు వస్తాను. మేకుకి వేలాడే మూడు రేకుల్లో మిల్లు పేరు రేకు ఎప్పుడూ ఒక్కటే. పండగలకు నూనె రాసి తుడిచేవారు, దాన్ని చూసుకుంటే యజమానికి గర్వం. రకం రేకులు మాత్రం రోజూ మారేవి. ఒక దసరా ముందు, పని ఒత్తిడిలో, స్వర్ణ బియ్యం బస్తాల మీద సాంబమసూరి రేకు పడింది. ఎన్ని బస్తాలో ఇప్పుడు చెప్పలేను గాని, లారీ ఎక్కబోయే ముందు నాన్న కంటపడింది. ఆ రాత్రి ఆయన ఇంటికి రాలేదు. బస్తా బస్తా తిరగేసి, తప్పు అచ్చు మీద సున్నం పూసి, మళ్లీ వేయించారు. పొద్దున్నే నీలం అంటిన చేతులతో వచ్చి కాఫీ తాగుతూ ఆయన అమ్మతో ఆ సంగతే చెబుతుంటే నేను పక్కన కూర్చుని విన్నాను. పేరు రేకుతో మిల్లులో ఏనాడూ తప్పు జరగలేదు. జరిగే వీలే లేదు. లోపల ఏముందో చెప్పేది రకం రేకు, కాబట్టి తప్పు చెప్పగలిగేదీ అదే.

సౌత్‌గేట్ రొట్టెను నేను పైమెట్టున పెట్టడానికి కారణం వెతికితే అక్కడికే చేరుతున్నాను. వెర్మాంట్ రొట్టె ఇది నేను అంటుంది. ఆ మాట ఎన్నటికీ తప్పు కాదు, అందుకే రెండోసారి వినాలనిపించదు. సౌత్‌గేట్ రొట్టె ఈ రోజు వాన అంటుంది. సాయంత్రానికి అది నిజమూ కావచ్చు, కాకపోనూ వచ్చు.

జూన్ నెలాఖరులో ఒక రోజు ఫోన్‌లో వాన సూచన చూసి, ఫాయిల్‌తో మబ్బూ కింద నాలుగు చినుకులూ పరిచి కాల్చి ఇచ్చాను. రంజని చినుకులు ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ తిని, బ్యాగుకు గొడుగు తగిలించుకుని బడికి వెళ్లింది. రోజంతా పెళపెళలాడే ఎండ. సాయంత్రం గొడుగు సోఫాలో పడేసి, చెమట తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి, "నాన్నా, నీ బ్రెడ్డు అబద్ధం చెప్పింది" అంది. గొంతులో నిజమైన ఫిర్యాదు ఉంది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అది వంటింట్లో ఉంది. కిటికీ చువ్వలు పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడి, చాలాసేపు పైకి చూసింది. ఆ తరవాత ఫాయిల్ ముక్కలు దాచుకున్న డబ్బా తెరిచి, మబ్బును తీసి పక్కన పెట్టి, సూర్యుణ్ణి వెతుక్కుంది.